సీనియర్ రిలీవర్ కోసం ప్రాస్పెక్ట్‌లను ఇచ్చే ట్రేడ్‌ను తూకం వేయడం ఎలా? దశలవారీ మార్గదర్శి

జూలై చివరి వారం వచ్చిందంటే మేజర్ లీగ్ బేస్‌బాల్ చూసే మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "మా టీమ్ ఒక సీనియర్ రిలీవర్ కోసం ఇద్దరు కుర్రాళ్లను ఇచ్చేసింది. ఇది లాభమా, నష్టమా?" న్యూజెర్సీలో యాంకీస్, మెట్స్ అభిమానులు, డాలస్ వైపు రేంజర్స్‌ను ఫాలో అయ్యేవాళ్లు, ఫాంటసీ లీగ్‌లు ఆడేవాళ్లు అందరూ అడిగేది ఇదే. రిలీవర్ అంటే మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ (బంతి విసిరేవాడు) దిగిపోయాక మధ్యలో వచ్చి వేసే పిచర్. ప్రాస్పెక్ట్ అంటే ఇంకా మైనర్ లీగ్‌ల్లో ఎదుగుతున్న కుర్రాడు. పేర్లు చూసి తీర్పు చెప్పకుండా, కాగితం మీద లెక్క వేసి చెప్పే పద్ధతి కింద ఉంది.

ఇందులో వరస చాలా ముఖ్యం. ముందు మీ జట్టు, తర్వాత ఇన్నింగ్స్, తర్వాత పిచర్, ఆ తర్వాతే కుర్రాళ్లు. చాలామంది కుర్రాళ్ల ర్యాంకులతో మొదలుపెడతారు. లెక్క తప్పేది అక్కడే.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్లు రిలీవర్‌ని డెత్ ఓవర్ల బౌలర్‌గా ఊహించుకోండి. వేసేది తక్కువే, కానీ మ్యాచ్ తేలే చోట వేస్తాడు.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ జట్టు ప్లేఆఫ్ అవకాశాల శాతం. ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్‌లో రోజూ మారుతూ కనిపిస్తుంది.
- రిలీవర్ ఈ సీజన్ గణాంకాలు, వాటితోపాటు గత రెండు సీజన్లవి కూడా.
- అతని బంతి వేగం నెలవారీగా. బేస్‌బాల్ సావంట్‌లో ఉచితంగా దొరుకుతుంది.
- అతని కాంట్రాక్ట్ ఎప్పటిదాకా, ఇంకా ఎంత జీతం బాకీ.
- ఇవ్వబోయే కుర్రాళ్ల వయసు, ఆడుతున్న లెవెల్, స్కౌటింగ్ గ్రేడ్.
- మీ జట్టు 40 మంది రోస్టర్ (మేజర్ లీగ్ కాంట్రాక్ట్ పరిధిలో ఉన్నవాళ్లు), 26 మంది యాక్టివ్ రోస్టర్ (మ్యాచ్‌లకు అందుబాటులో ఉన్నవాళ్లు) జాబితా.

గడువు సంగతి కూడా గుర్తుంచుకోండి. 2025లో డెడ్‌లైన్ జూలై 31, అమెరికా తూర్పు తీర సమయం సాయంత్రం 6 గంటలు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లకు అది మరునాడు తెల్లవారుజామున 3.30. 2019 నుంచి ఆగస్టులో వేవర్ ట్రేడ్‌లు (మిగతా జట్లు వద్దన్న ఆటగాడిని గడువు తర్వాత కూడా ట్రేడ్ చేసే వెసులుబాటు) తీసేశారు కాబట్టి, గడువు దాటాక తప్పు దిద్దుకునే దారి దాదాపు లేనట్టే.

## 2. మొదట మీ జట్టు ఎక్కడ నిలబడి ఉందో చూడండి

రిలీవర్ ఒక్కడే జట్టును పైకి లాగలేడు. ఇప్పటికే ఆధిక్యంలో ఉన్న మ్యాచ్‌ను కాపాడతాడు, అంతే. అందుకే మొదటి ప్రశ్న అతను ఎంత మంచివాడన్నది కాదు. మీ జట్టుకు కాపాడుకోవడానికి ఆధిక్యాలు ఉన్నాయా అన్నది.

ప్లేఆఫ్ అవకాశం 20 శాతం లోపు ఉంటే ఇక్కడితో ఆపేయండి. మంచి ప్రాస్పెక్ట్‌ను ఇచ్చే పని పెట్టుకోవద్దు.

40 నుంచి 70 శాతం మధ్య ఉంటే ప్రతి గెలుపుకీ విలువ ఎక్కువ. ఒక్క మ్యాచ్ తేడాతో లోపలికో బయటికో పోయే స్థితి అది. అయితే అక్టోబర్ దాకా చేరకపోయే ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ.

90 దాటితే లెక్క మారిపోతుంది. అప్పుడు మీరు రిలీవర్‌ను ఆగస్టు కోసం కొనడం లేదు, అక్టోబర్ కోసం కొంటున్నారు. 2022 నుంచి ప్లేఆఫ్స్‌కు 12 జట్లు వెళ్తున్నాయి. ఒక్కో లీగ్‌లో మొదటి రెండు డివిజన్ విజేతలకు మూడు మ్యాచ్‌ల తొలి రౌండ్ ఆడే పని ఉండదు. ఆ బై కోసం పోటీ పడుతున్నారా, లేక ఎలాగూ దక్కుతుందా అన్నది కూడా రాసుకోండి.

## 3. ఎన్ని ఇన్నింగ్స్ కొంటున్నారో లెక్క వేయండి

ఈ మొత్తం పద్ధతికి ఇదే ఆయువుపట్టు. నిదానంగా చేయండి.

డెడ్‌లైన్ తర్వాత ఒక జట్టుకు సుమారు 54 మ్యాచ్‌లు మిగులుతాయి. మంచి రిలీవర్ ఆ కాలంలో 20 నుంచి 27 ఇన్నింగ్స్ వేస్తాడు (పిచర్ తీసే మూడు ఔట్లకు ఒక ఇన్నింగ్స్ లెక్క). మనం 24 అనుకుందాం.

మొదటి అడుగు. అతను 9 ఇన్నింగ్స్‌కి 2.50 పరుగులు ఇస్తాడని, అతను వస్తే జట్టులో చోటు పోయే పిచర్ 4.50 ఇస్తాడని అనుకోండి. తేడా 2 పరుగులు. 24 ఇన్నింగ్స్‌కి ఆ తేడా 5.3 పరుగులు అవుతుంది.

రెండో అడుగు. ఆ ఇన్నింగ్స్ ఎంత ఒత్తిడిలో వేస్తాడో చూడండి. దీన్ని లెవరేజ్ ఇండెక్స్‌తో కొలుస్తారు. సగటు 1 అయితే క్లోజర్‌కు (ఆధిక్యంలో ఉన్న మ్యాచ్‌లో చివరి ఇన్నింగ్స్ వేసి ముగించే రిలీవర్‌కు) 1.8 దాకా రావచ్చు. కానీ 1.8తో గుణించకూడదు. అతను రాకపోతే తొమ్మిదో ఇన్నింగ్స్ వేసేది మీ బుల్‌పెన్‌లో (రిలీవర్ల బృందంలో) రెండో మంచి పిచర్, ఆఖరివాడు కాదు. అందుకే 1కీ 1.8కీ మధ్యలో 1.4 తీసుకుంటారు. 5.3ని 1.4తో గుణిస్తే దాదాపు 7.5.

మూడో అడుగు. సుమారు 10 పరుగులు ఒక గెలుపుతో సమానం. అంటే ఈ రిలీవర్ రెండు నెలల్లో తెచ్చేది ముప్పావు గెలుపు.

మళ్లీ చదవండి: ముప్పావు గెలుపు! ఇది దేశంలోనే పేరున్న క్లోజర్‌కు వేసిన లెక్క. మామూలు సీనియర్ రిలీవర్‌కు ఇది పావు దగ్గర ఆగుతుంది.

నాలుగో అడుగు. ఇప్పుడు అక్టోబర్‌ను విడిగా వేయండి. ప్లేఆఫ్స్‌లో మధ్యలో విశ్రాంతి రోజులు ఉంటాయి కాబట్టి మంచి రిలీవర్‌ను ఎక్కువసేపు వాడతారు. 2016లో ఆరోల్డిస్ చాప్‌మన్ కబ్స్‌కు వచ్చాక రెగ్యులర్ సీజన్‌లో 26 ఇన్నింగ్స్, రెండు ఔట్లు వేశాడు. ప్లేఆఫ్స్‌లోనే 15 ఇన్నింగ్స్, రెండు ఔట్లు. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌కు ఆండ్రూ మిల్లర్ ప్లేఆఫ్స్‌లో 19 ఇన్నింగ్స్ దాటి వేసి 30 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) తీశాడు.

వీళ్లిద్దరి జట్లూ ఫైనల్ దాకా వెళ్లాయి కాబట్టి అన్ని ఇన్నింగ్స్ వచ్చాయి. మీరు 10 వేసుకుని, దాన్ని మీ ప్లేఆఫ్ శాతంతో గుణించండి. 95 శాతం ఉన్న జట్టుకు 9.5 ఇన్నింగ్స్ వస్తాయి. 30 శాతం ఉన్న జట్టుకు 3 మాత్రమే. ఒకే పిచర్, ఒకే ధర, కానీ కొన్న సరుకు మూడో వంతు.

## 4. రిలీవర్‌ను ఈఆర్ఏ చూసి కొనకండి

నాలుగు నెలల్లో రిలీవర్ వేసేది 40, 45 ఇన్నింగ్స్. అంత చిన్న నమూనాలో రెండు చెడ్డ రాత్రులు ఈఆర్ఏను (9 ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటును) పూర్తిగా మార్చేస్తాయి. రెండు అదృష్టపు నెలలూ అంతే. ఈ వరసలో చూడండి:

- స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ (నాలుగు చెడ్డ బంతులతో బ్యాటర్‌ను ఊరికే బేస్‌కు పంపడం) శాతం తీసేయండి. 20 దాటితే చాలా మంచి పిచర్. 10 దగ్గరకు జారితే ఈఆర్ఏ ఎంత బాగున్నా జాగ్రత్త.
- ఫాస్ట్‌బాల్ వేగం ఏప్రిల్‌తో పోలిస్తే జూలైలో తగ్గిందా? గంటకు ఒక మైలు పైగా తగ్గితే కారణం దొరికేదాకా ముందుకు వెళ్లొద్దు.
- ఎడమచేతి, కుడిచేతి బ్యాటర్ల మీద విడివిడిగా ఎలా ఉన్నాడు? 2020 నుంచి పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. ఒక వైపు మాత్రమే బాగా వేసేవాడిని దాచుకోవడం ఇప్పుడు కష్టం.
- వరసగా రెండు రోజులు వేసినప్పుడు రెండో రోజు ఎలా ఉంది?
- మీ జట్టులో అతను వేయబోయే ఇన్నింగ్స్ ఏది?

ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. 2021 జూలైలో క్రెగ్ కింబ్రెల్ కబ్స్‌కు క్లోజర్‌గా 0.49 ఈఆర్ఏతో ఉన్నాడు. వైట్ సాక్స్ అతని కోసం నిక్ మాడ్రిగల్‌ను, కోడీ హ్యూయర్‌ను ఇచ్చింది. అక్కడ లియామ్ హెండ్రిక్స్ అప్పటికే క్లోజర్. కింబ్రెల్‌కు ఎక్కువగా ఎనిమిదో ఇన్నింగ్స్ ఇచ్చారు. కొత్త జట్టులో అతని ఈఆర్ఏ 5.09. 2025లో రయన్ హెల్స్లీ కార్డినల్స్ నుంచి మెట్స్‌కు వచ్చినప్పుడూ అక్కడ ఎడ్విన్ డియాజ్ క్లోజర్‌గా ఉన్నాడు. హెల్స్లీ అక్కడ 7.20తో ముగించాడు, మెట్స్ ప్లేఆఫ్స్‌కు కూడా వెళ్లలేదు. రెండు కేసులతో నియమం చేయలేం. పాత్ర మారడమే కారణమని తేల్చి చెప్పనూ లేం. కానీ క్లోజర్ ధర పెట్టి సెటప్ పిచర్‌ను (క్లోజర్‌కు ముందు ఇన్నింగ్స్ వేసేవాడిని) కొంటున్నామన్న సంగతి మాత్రం ఆ రోజే తెలుసు. ధర తగ్గించడానికి అది చాలు.

మెడికల్ రికార్డులు మనకు కనిపించవు, జట్లకు కనిపిస్తాయి. అవి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. డ్రూ పోమరాన్జ్ ట్రేడ్‌లో వైద్య సమాచారం పూర్తిగా ఇవ్వలేదని 2016 సెప్టెంబర్‌లో పాడ్రెస్ జనరల్ మేనేజర్ ఏజే ప్రెలర్‌ను లీగ్ 30 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేసింది. బయటినుంచి చూసే మనం చేయగలిగింది ఒకటుంది. గత రెండేళ్లలో అతను ఇంజూర్డ్ లిస్ట్‌లో ఎన్నిసార్లు ఉన్నాడో, ఏ భాగానికో రాసుకోవాలి. మోచేయి, భుజం అయితే మూడో దశలో వేసుకున్న ఇన్నింగ్స్‌లో నాలుగో వంతు కోసేయండి.

## 5. కాంట్రాక్ట్ చదవండి

సీజన్ చివర కాంట్రాక్ట్ ముగిసేవాడిని రెంటల్ అంటారు. రెంటల్ ధర, రెండేళ్లు మిగిలినవాడి ధర ఒకటి కాకూడదు.

- సీజన్ మధ్యలో ట్రేడ్ అయిన ఆటగాడికి క్వాలిఫైయింగ్ ఆఫర్ (కాంట్రాక్ట్ ముగిసినవాడికి జట్టు ఇచ్చే ఒక ఏడాది ఆఫర్) ఇవ్వడం కుదరదు. అతను వెళ్లిపోతే మీకు డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాడిని ఎంచుకునే అవకాశం) రూపంలో ఏమీ తిరిగిరాదు. ఆ ఆశను ధరలో కలపొద్దు.
- పదేళ్ల మేజర్ లీగ్ సర్వీస్, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టుతో ఉంటే ఆటగాడు ట్రేడ్‌ను కాదనగలడు. కొందరికి కాంట్రాక్ట్‌లోనే నో-ట్రేడ్ క్లాజ్ ఉంటుంది.
- ఐదేళ్ల సర్వీస్ దాటినవాడిని అతని ఒప్పుదల లేకుండా మైనర్స్‌కు పంపలేరు. అతని కోసం 26 మందిలో ఎవరు బయటికి పోతారో పేరుతో సహా రాసుకోండి.
- మీ జట్టు లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం ఒక గీత దాటితే కట్టే పన్ను) కడుతోందా? 2025లో ఆ గీత 241 మిలియన్ డాలర్లు. వరసగా మూడో ఏడాదో అంతకంటే ఎక్కువో కడుతూ, పై అంచె కూడా దాటిన జట్టు మీద పన్ను 110 శాతం. అంటే డాలర్ జీతానికి రెండు డాలర్ల పది సెంట్లు ఖర్చు.

అలాంటి జట్టు అమ్మేవాళ్లను జీతం భరించమని అడిగి, బదులుగా కాస్త మెరుగైన కుర్రాడిని ఇస్తుంది. అందుకే ఒకే రిలీవర్‌కు ఒక జట్టు ఇచ్చిన ధర ఇంకో జట్టుకు ఎక్కువ అనిపిస్తుంది. అమ్మేవాళ్లు ఎంత నగదు కలిపారో తెలియకుండా తీర్పు చెప్పకండి.

## 6. ఇప్పుడు కుర్రాళ్ల వైపు రండి

స్కౌట్లు ప్రాస్పెక్ట్‌లను 20 నుంచి 80 దాకా గ్రేడ్ చేస్తారు. 50 అంటే మేజర్ లీగ్‌లో రోజూ ఆడగలిగే సగటు ఆటగాడు, ఏడాదికి సుమారు 2 గెలుపుల విలువ. అలాంటివాడు జట్టు చేతిలో ఆరేళ్లు ఉంటాడు కాబట్టి మొత్తం 12.

కానీ అందరూ అక్కడికి చేరరు. ముగ్గురిలో ఒకడు చేరతాడని వేసుకుంటే 4 గెలుపులు. మైనర్ లీగ్ మెట్లలో హై-ఏ పైన డబుల్-ఏ, అన్నిటికంటే పైన ట్రిపుల్-ఏ. డబుల్-ఏ కింద ఉంటే ఇంకా తగ్గించండి, ట్రిపుల్-ఏలో బాగా ఆడుతుంటే కాస్త పెంచండి. ఈ 4ను మూడో దశలో వచ్చిన ముప్పావు పక్కన పెట్టి చూడండి. ప్లేఆఫ్స్ దాదాపు ఖాయమైతే తప్ప రెంటల్ రిలీవర్ కోసం 50 గ్రేడ్ కుర్రాడిని ఇవ్వకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇచ్చే ప్రతి కుర్రాడికీ ఈ నాలుగూ రాయండి:

- వయసు, లెవెల్. 19 ఏళ్లకే హై-ఏలో నిలబడినవాడు, 24 ఏళ్లకు అదే లెవెల్‌లో బాగా కొట్టేవాడు ఒకటి కాదు.
- రూల్ 5 (40 మంది రోస్టర్‌లో లేని ఇతర జట్ల కుర్రాళ్లను ఎంచుకునే డిసెంబర్ డ్రాఫ్ట్) గడువు. 18 ఏళ్లకో అంతకుముందో సంతకం చేసినవాడిని ఐదు సీజన్లలో, 19 ఏళ్లకో ఆ తర్వాతో చేసినవాడిని నాలుగు సీజన్లలో 40 మంది రోస్టర్‌లోకి తీసుకోవాలి. లేదంటే ఇంకో జట్టు ఎత్తుకుపోవచ్చు. చోటు లేక ఈ డిసెంబర్‌లో ఎలాగూ పోగొట్టుకునే కుర్రాడు మీకు చవక.
- ముందున్న దారి. అతని స్థానంలో మేజర్ లీగ్‌లో ఎవరున్నారు, ఎన్నేళ్లు ఉంటారు?
- పిచరా, బ్యాటరా. పిచింగ్ ప్రాస్పెక్ట్‌లకు గాయాల బెడద ఎక్కువ. గ్రేడ్ ఒకటే అయితే నేను బ్యాటర్‌ను ఉంచుకుంటాను.

దారి మూసుకుపోయిందన్న మాటను గట్టిగా పరీక్షించండి. 1990 ఆగస్టు 30న బోస్టన్ రెడ్ సాక్స్ తన డబుల్-ఏ థర్డ్ బేస్‌మన్‌ను ఆస్ట్రోస్‌కు ఇచ్చి సీనియర్ రిలీవర్ ల్యారీ ఆండర్సన్‌ను తెచ్చుకుంది. థర్డ్ బేస్‌లో వేడ్ బాగ్స్ ఉన్నాడు, వెనక స్కాట్ కూపర్ ఉన్నాడు, అంటే కుర్రాడికి దారి లేదు. ఆండర్సన్ బాగానే వేశాడు: 22 ఇన్నింగ్స్, 1.23 ఈఆర్ఏ. బోస్టన్ డివిజన్ కూడా గెలిచింది. ఆ కుర్రాడి పేరు జెఫ్ బ్యాగ్వెల్. ఆస్ట్రోస్ అతన్ని ఫస్ట్ బేస్‌కు మార్చింది. 449 హోమ్ రన్లు కొట్టి 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. కాబట్టి ఆ స్థానంలో ఎవరున్నారని అడిగి ఊరుకోవద్దు. ఇతను ఇంకో స్థానంలో ఆడగలడా, ఆ బ్యాట్ అక్కడ సరిపోతుందా అని కూడా అడగండి.

ప్యాకేజీలో చివర చేర్చే పేరును కూడా ఊరికే వదలకండి. 2016 ఆగస్టు 1న డాడ్జర్స్ రిలీవర్ జోష్ ఫీల్డ్స్ కోసం ఒక క్యూబా కుర్రాడిని ఇచ్చింది. అమెరికాలో అతను అప్పటికి ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడలేదు. అతనే యోర్డాన్ అల్వారెజ్, 2019లో అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్. ర్యాంకుల్లో లేని కుర్రాడిని అవతలి జట్టు పేరు పెట్టి అడిగిందంటే, వాళ్లకు మీకంటే ఎక్కువ ఏం తెలుసో ఆరా తీయాలి.

## 7. ఒక ట్రేడ్‌ను చివరిదాకా తూకం వేద్దాం

2016 జూలై 25. కబ్స్‌కు చాప్‌మన్. యాంకీస్‌కు గ్లేబర్ టోరెస్, ఆడమ్ వారెన్, బిల్లీ మెకిన్నీ, రషాద్ క్రాఫర్డ్.

జట్టు స్థితి చూస్తే కబ్స్ తన డివిజన్‌లో సునాయాసంగా ముందుంది. అక్టోబర్ దాదాపు ఖాయం. రెండో దశ దాటేసింది.

కాంట్రాక్ట్ చూస్తే చాప్‌మన్ రెంటల్. డిసెంబర్‌లో అతను 5 ఏళ్లకు 86 మిలియన్ డాలర్లకు మళ్లీ యాంకీస్‌కే వెళ్లాడు.

కుర్రాడు చూస్తే టోరెస్‌కు 19 ఏళ్లు, హై-ఏలో షార్ట్‌స్టాప్. పైన 22 ఏళ్ల ఆడిసన్ రస్సెల్, 23 ఏళ్ల హవియర్ బాయెజ్. దారి నిజంగానే ఇరుకు. కానీ బ్యాగ్వెల్ ప్రశ్న వేస్తే టోరెస్ సెకండ్ బేస్, థర్డ్ బేస్ ఆడగలడు, అంటే పూర్తిగా మూసుకుపోలేదు.

నా తీర్పు: ధర ఎక్కువే. టోరెస్ పక్కన ఒక పేరు చాలు, ముగ్గురు అక్కర్లేదు. అయినా చేయదగిన ట్రేడే, ఎందుకంటే కొన్నది అక్టోబర్ ఇన్నింగ్స్, అవి వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

ఆ ఇన్నింగ్స్ ఎలా ఖర్చయ్యాయో దగ్గరగా చూడండి. వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్‌లో చాప్‌మన్‌తో ఎనిమిది ఔట్లు తీయించారు. ఆరో మ్యాచ్‌లో 7-2 ఆధిక్యం ఉన్నా ఏడో ఇన్నింగ్స్‌లోనే దించారు. మరునాడు ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 6-3తో, రెండు ఔట్లయ్యాక బంతి అందుకున్నాడు. బ్రాండన్ గైయర్ డబుల్, ఆ వెంటనే రజాయ్ డేవిస్ హోమ్ రన్, 6-6. కబ్స్ పదో ఇన్నింగ్స్‌లో 8-7తో గెలిచి 1908 తర్వాత తొలి టైటిల్ అందుకుంది. ఎంత గొప్ప రిలీవర్‌కైనా పరిమితి ఉంటుంది. ఒక్కడినే కొని అన్ని రోజులూ వాడతామనుకుంటే మూడో దశ లెక్క తప్పుతుంది.

అదే వారం యాంకీస్ మిల్లర్‌ను కూడా అమ్మింది. క్లీవ్‌లాండ్ క్లింట్ ఫ్రేజియర్, జస్టస్ షెఫీల్డ్, మరో ఇద్దరు పిచర్లను ఇచ్చింది. మిల్లర్ కాంట్రాక్ట్ 2018 దాకా ఉంది. ఒకే అమ్మకందారు, ఒకే వారం, ఇద్దరు మేటి రిలీవర్లు. కానీ ఒకడికి మూడు నెలలు, ఇంకొకడికి రెండున్నర సీజన్లు. ఆ రోజు తెలిసిన సంగతులతో చూస్తే మిల్లర్ ట్రేడే మెరుగైన కొనుగోలు. తర్వాత టోరెస్ ఆల్-స్టార్ అయ్యాడనో, ఫ్రేజియర్ నిలబడలేదనో ఈ మాట చెప్పడం లేదు.

## 8. తరచూ కనిపించే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు

"సేవ్‌లు 30 ఉన్నాయి కదా." సేవ్‌లు (చివర్లో చిన్న ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించినందుకు పిచర్‌కు రాసేవి) అవకాశాన్ని బట్టి వస్తాయి. వాటిని పక్కన పెట్టి నాలుగో దశ జాబితా చూడండి.

గత వారం ఇంకో ట్రేడ్ ధరను కొలబద్దగా పెట్టుకోవడం. ఆ పిచర్ కాంట్రాక్ట్ ఎన్నాళ్లుందో ముందు చూడండి. 2025లో ఫిలీస్ యోహాన్ డురాన్ కోసం మిక్ ఏబెల్‌ను, ఎడ్వార్డో టెయిట్‌ను ఇచ్చింది. అతను 2027 దాకా వాళ్లకే ఉంటాడు. ఆ ధరను రెంటల్‌కు అన్వయిస్తే మోసపోతారు.

ఒక పెద్ద పేరు బదులు నాలుగు చిన్న పేర్లు ఇస్తే చవకని అనుకోవడం. కొన్నిసార్లు నిజమే. కానీ నలుగురినీ విడివిడిగా ఆరో దశలో పెట్టి కూడండి. లో లెవెల్ పిచర్లు ముగ్గురు కలిసి ఒక 45 గ్రేడ్ కుర్రాడికి సరితూగవచ్చు.

చివరి గంటలో టెన్షన్ పడి ధర పెంచడం. దీనికి మందు ఒక్కటే. డెడ్‌లైన్‌కు మూడు రోజుల ముందే గరిష్ఠ ధర రాసి, దాని కింద రెండో, మూడో రిలీవర్ పేర్లు రాసుకోవాలి. ధర దాటితే కింది పేరుకు వెళ్లాలి. 1997లో మారినర్స్ డెడ్‌లైన్ రోజున హీత్‌క్లిఫ్ స్లోకమ్ కోసం డెరెక్ లోను, జేసన్ వారిటెక్‌ను ఇద్దరినీ ఇచ్చింది. వాళ్లిద్దరూ 2004లో రెడ్ సాక్స్‌కు వరల్డ్ సిరీస్ ఆడి గెలిచారు.

సొంత కుర్రాళ్లను ఎక్కువ చేసి చూడటం. ఇది అభిమానులందరిలోనూ ఉంటుంది. పేర్లు దాచేసి వయసు, లెవెల్, గ్రేడ్ మాత్రమే రాసి ఒక స్నేహితుడికి చూపించండి. మీ అంచనాకూ అతని అంచనాకూ ఎంత తేడా ఉందో తేలిపోతుంది.

## 9. సరే అనే ముందు

- ప్లేఆఫ్ అవకాశం ఇవాళ్టి అంకె రాశానా?
- కొత్త పిచర్ వేయబోయే ఇన్నింగ్స్, వేసే పాత్ర రాశానా?
- పక్కకు జరిగే పిచర్ ఎవరు?
- వేగం, వాక్ శాతం జూలైలో నిలకడగా ఉన్నాయా?
- జీతంలో ఎవరి వాటా ఎంత?
- ఇచ్చే కుర్రాళ్లలో ఎవరు ఎలాగూ రూల్ 5లో పోయేవాళ్లు?
- "తర్వాత పేరు చెబుతాం" అన్న ఆటగాడు ఉన్నాడా? ఆ పేరు ఆరు నెలల్లోపు తేలాలి, అది కూడా ధరలో భాగమే.
- ముందే రాసిన గరిష్ఠ ధర లోపలే ఉన్నామా?

ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ రోజు ఆగండి. ట్రేడ్ అయ్యాక ఈ కాగితం పారేయకండి. సీజన్ చివర మీరు వేసిన ఇన్నింగ్స్, పాత్ర, వేగం ఎంతవరకు నిజమయ్యాయో దాని పక్కనే రాయండి. ఫలితం కంటే ఇదే వచ్చే జూలైకి పనికొస్తుంది.

## 10. డైనస్టీ ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లకు

డైనస్టీ అంటే ఆటగాళ్లను ఏళ్ల తరబడి మీ దగ్గరే ఉంచుకునే ఫాంటసీ లీగ్. పద్ధతి ఇదే, మూడు మార్పులతో. మీ లీగ్‌లో సేవ్‌లకు పాయింట్లు ఉంటే పాత్రకు విలువ రెట్టింపు. క్లోజర్ ట్రేడ్ అయి సెటప్ పాత్రలోకి వెళ్తే మీ చేతిలో మిగిలేది చాలా తక్కువ. కాబట్టి డెడ్‌లైన్ దాటేదాకా సీనియర్ క్లోజర్‌ను కొనొద్దు, అమ్మాలనుకుంటే అంతకుముందే అమ్మండి.

రెండోది, ఫాంటసీలో జీతం, పన్ను గొడవ సాధారణంగా ఉండదు. ఐదో దశ చాలావరకు వదిలేయవచ్చు. మూడోది, మీ ప్లేఆఫ్స్ సెప్టెంబర్‌లోనే అయిపోతాయి కాబట్టి అక్టోబర్ ఇన్నింగ్స్ సున్నా. మూడో దశలో నాలుగో అడుగు కొట్టేయండి. అది పోయాక మిగిలిన విలువకు మొదటి 100లో ఉన్న ప్రాస్పెక్ట్‌ను ఎవరైనా అడిగితే, వద్దని చెప్పి రెండో శ్రేణి కుర్రాడి పేరు ముందు పెట్టండి.